అంటించినవాళ్ళే తీయాలి

వంటింటి కుళాయి బాగుపడి ఇరవై రెండు రోజులైంది. ఆ ఇరవై రెండు రోజులూ అత్తగారు పొద్దున్నే లేచి, చెప్పులు వేసుకుని, పెరట్లో మొక్కల కోసం పెట్టించిన కుళాయి దగ్గర నీళ్ళు పట్టి మోసుకొస్తూనే ఉన్నారు. ఇరవై మూడో రోజు, శుక్రవారం నాడు, బకెట్టు గడప దగ్గర దించి నడుం మీద చెయ్యి వేసుకున్నారు.

"రోజుకి మూడు బకెట్లమ్మాయ్. ఆ ప్లంబరు ఈ జన్మలో వస్తాడా, నేనే నేర్చుకోనా ఆ పని?"

కూరగాయలు తరుగుతున్న ఇల్లాలు చాకు ఆపి తలెత్తింది. "ప్లంబరు వచ్చి వెళ్ళి మూడు వారాలైంది కదా అత్తయ్యా. కుళాయి శుభ్రంగా ఉంది."

"మరి ఆ చీటీ?"

కుళాయి మెడకి పసుపుపచ్చ చీటీ అతుక్కుని ఉంది. 'నంబరు 31. కారుతోంది. వాడకూడదు' అని రాసి, కింద తేదీ, సంతకం.

"అది మీ అబ్బాయి అంటించింది. ఆయనే తీయాలి."

"అయితే నువ్వెక్కడ పట్టుకుంటున్నావు నీళ్ళు?"

"ఇక్కడే. చీటీ కాస్త పక్కకి తోసి."

అత్తగారికి ఒళ్ళు మండిపోయింది. "అంతేలే! చదువుకున్నదానివి కనక నువ్వు చీటీని పక్కకి తొయ్యొచ్చు. నేను వానాకాలం చదువుదాన్ని కనక చీటీ మాట విని బకెట్లు మొయ్యాలి. ఇరవై రోజులు చూస్తూ ఊరుకున్నావు!"

"మీరు నడక కోసం వెళ్తున్నారనుకున్నాను."

"బకెట్టు పట్టుకుని నడకేమిటే!"

ఆ కేకకి ముందుగదిలోంచి ఆ అబ్బాయి, అంటే ప్రొఫెసరు, వచ్చారు. చేతిలో కాగితాలు, చెవిమీద పెన్ను, కళ్ళజోడు నుదుటి మీద. సంగతంతా విని చెయ్యి అడ్డంగా ఊపారు.

"ఎవరూ దాన్ని ముట్టుకోకండి. బాగైందో లేదో నేను పరిశీలించాలి, పుస్తకంలో రాయాలి, అప్పుడు తీయాలి. అన్నీ సోమవారం తరవాత."

"పరిశీలించడానికి ఏముందిరా? తిప్పితే నీళ్ళొస్తాయి, కట్టేస్తే ఆగిపోతాయి."

"అది నీ అభిప్రాయం అమ్మా," అని ప్రొఫెసరు మళ్ళీ కాగితాల్లోకి వెళ్ళిపోయారు.

ఆ ఇంట్లో చీటీల పద్ధతి మొదలై ఏడాదిన్నర అయింది. ఏ వస్తువు చెడినా దానిమీద చీటీ అంటించాలి. ప్రతి ఆదివారం ప్రొఫెసరు ఇల్లంతా తిరిగి చీటీలు లెక్కపెట్టేవారు. పోయిన నెల పంతొమ్మిది ఉంటే ఈ నెల ఇరవై ఆరుకి పెరిగాయని తెలిస్తే ఆయన మొహం వెలిగిపోయేది. "చూశావా, ఇంటిమీద మనకి శ్రద్ధ ఎంత పెరిగిందో!" అనేవారు. ప్లంబరుకి ఫోను చేయడం, ఫ్యానుకి నూనె వేయించడం, కిటికీ గడియ మార్పించడం ఇల్లాలి వంతు. అవన్నీ చీటీల లెక్కలోకి వచ్చేవి కావు. మొదట్లో ఒకసారి ఫ్యాను కీచుమనడం మానేశాక ఆవిడ చీటీ పీకి చెత్తబుట్టలో వేసింది. దానికి గంటసేపు ఉపన్యాసం వినవలసి వచ్చింది. 'సాక్ష్యం నాశనం చేయడం' అన్న మాట ఆ ఉపన్యాసంలో నాలుగుసార్లు వచ్చింది. అప్పటినుంచి ఇంట్లో ఒకటే చట్టం: అంటించినవాళ్ళే తీయాలి.

ఆయన ప్రయోగశాలలోనూ అదే చట్టం. పైగా అక్కడ ఆయన పరిశోధిస్తున్నదీ చీటీల గురించే.

ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్ఏ అనే పొడవాటి దారం ఉంటుంది. అది రోజూ ఎక్కడో ఒకచోట దెబ్బ తింటూనే ఉంటుంది. తెగినచోట కొన్ని ఎంజైములు చేరి, ఆ చుట్టుపక్కల ఉన్న ప్రోటీన్లకి చిన్న చిన్న గుర్తులు తగిలిస్తాయి. 'ఇక్కడ తెగింది, రండి' అని చీటీ అంటించినట్టన్నమాట. ఆ గుర్తులు చూసి బాగుచేసే దండు వచ్చి దారాన్ని అతుకుతుంది. అతికేదాకా కణం రెండుగా చీలకుండా ఆగుతుంది. డిగ్రీలో జువాలజీ చదివిన ఇల్లాలికి ఇదంతా ప్రొఫెసరు పెళ్ళైన కొత్తలోనే చెప్పారు. అప్పట్లో ఆయన ఈ సంగతులు ఎంత ముచ్చటగా చెప్పేవారంటే ఆవిడ పొయ్యిమీద పాలు పొంగిపోయినా చూసుకునేది కాదు.

సోమవారం నాడు సంస్థకి కొత్త డైరెక్టరును ఎంచే కమిటీ కూర్చుంటోంది. ఆ కమిటీ ముందు ప్రొఫెసరు తన కొత్త పేపరు పెడతారు. ఆయన కనిపెట్టిన మందు ఒకటి కణాలకి వేస్తే, కేంద్రకాల్లో ఆ గుర్తులు పదింతలయ్యాయి. గుర్తులు పదింతలైతే డీఎన్ఏ మీద శ్రద్ధ పదింతలైనట్టే కదా! నల్లటి నేపథ్యం మీద పచ్చటి చుక్కలున్న ఫోటో ఒకటి తలుపంత పోస్టరుగా వేయించి, చుట్టచుట్టి బీరువా పక్కన నిలబెట్టారు.

అన్నీ ఉన్నాయి. ఒక్క సంతకమే లేదు.

ఆ సంతకం ఇల్లాలి చెల్లెలిది. నాలుగేళ్ళుగా ఆ పిల్ల ఈ ఇంట్లోనే ఉంటూ బావగారి ప్రయోగశాలలో డాక్టరేట్ చేస్తోంది. ఇంట్లో 'బావగారూ', అక్కడ 'సార్'. దారిలో బస్సు దిగాక ఎక్కడ మారాలో ఇప్పటికీ సరిగ్గా తేలలేదు. పేపరుకి పనంతా చేసింది ఆ పిల్లే. ఇప్పుడు సంతకం పెట్టనంటోంది. పేపరు తప్పంటోంది. ఆమె థీసిస్ మీద సంతకం పెట్టవలసింది ప్రొఫెసరే కనక, ఈ సంతకం పడకపోతే ఆ సంతకమూ పడదు. నాలుగేళ్ళ చదువు నీళ్ళపాలు.

శుక్రవారం సాయంత్రం ప్రొఫెసరు భార్యని పక్కకి పిలిచారు. "నీ చెల్లెలికి నువ్వే చెప్పాలోయ్. నేను చెబితే ఎదురు ప్రశ్నలు వేస్తోంది. మొన్న ల్యాబులో అందరి ముందూ, 'సార్, చుక్కలు లెక్కపెట్టాం సరే, దారం అతుక్కుందో లేదో చూశామా?' అంటుంది! ఏమిటా మాటలు?"

"చూశారా?"

"ఏమిటి?"

"అతుక్కుందో లేదో."

ప్రొఫెసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వూ మొదలెట్టకు. ఆదివారం భోజనాల వేళకి నాకు సంతకం కావాలి."

శనివారం మధ్యాహ్నం ఇల్లాలు క్యారియరు వంకతో ప్రయోగశాలకి వెళ్ళింది. మూడో అంతస్తు, పొడవాటి నడవా. గది నిండా మగ్గుల మీద, బల్లల మీద, కుర్చీల మీద సహా పసుపు చీటీలే. తలుపు పక్కనున్న గోడగడియారం మీద 'ఆగిపోయింది' అని ఉంది. గడియారం మాత్రం నిక్షేపంగా నడుస్తోంది.

చెల్లెలు తెల్లకోటు జేబులో చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి. "ఏం తెచ్చావక్కా, భోజనమా, బోధనా?"

"రెండూ తెచ్చాను. ముందు నువ్వు చూపించు."

చెల్లెలు ఆవిణ్ణి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. చీకట్లో నీలంగా గుండ్రటి కేంద్రకాలు, ఒక్కొక్కదానిలో ముప్ఫై నలభై పచ్చ చుక్కలు. ఇల్లాలు కన్ను తియ్యకుండా చూసింది. ఎంత బాగుందో.

"ఇది మందు వేసింది. ఎక్స్‌రే తగిలించి ఒక రోజైంది," అంది చెల్లెలు. గాజుపలక మార్చింది. "ఇది మందు వెయ్యనిది. దీనికీ అంతే ఎక్స్‌రే, అంతే టైము."

రెండోదానిలో మూడో నాలుగో చుక్కలున్నాయి.

"పాపం, దీన్నెవరూ పట్టించుకోలేదన్నమాట," అంది ఇల్లాలు, ప్రొఫెసరు గొంతు అనుకరిస్తూ.

చెల్లెలు నవ్వలేదు. "మొదటి గంటలో రెండింటికీ సమానంగానే వచ్చాయక్కా చుక్కలు. దీనిలో పని అయిపోయింది, చీటీలు తీసేశారు. అంతే. అంటించే ఎంజైములు ఉన్నట్టే తీసే ఎంజైములూ ఉంటాయి. బావగారి మందు అంటించేవాళ్ళకి బలం ఇవ్వట్లేదు. తీసేవాళ్ళ చేతులు కట్టేస్తోంది."

"నీకెలా తెలుసు?"

"తోకలు చూశాను." కణాన్ని జెల్లీలాంటిదానిలో పెట్టి కరెంటు పంపితే, తెగిన డీఎన్ఏ ముక్కలు తోకలా బయటికి సాగుతాయట. తోక ఎంత పొడుగైతే అంత తెగినట్టు. చెల్లెలు ఫోటోలు పరిచింది. మొదటి గంటలో రెండు రకాలకీ పొడుగు తోకలు. మర్నాటికి రెండు రకాలకీ దాదాపు లేవు. "మందు వేసినా వెయ్యకపోయినా అతుకు ఒకే వేగంతో పడింది. కాని మందు వేసినవాటిలో చీటీలు పోలేదు. చీటీలుంటే కణం ఇంకా తెగే ఉందనుకుంటుంది. చీలదు. సోమవారం ఎన్ని కణాలున్నాయో శుక్రవారం అన్నే ఉన్నాయి. మందు వెయ్యని పక్క గిన్నెలో నాలుగింతలయ్యాయి."

ఇల్లాలికి అత్తగారి మూడు బకెట్లు గుర్తొచ్చాయి. నవ్వు రాబోయి ఆగిపోయింది.

"మరి ఈ తోకలు మీ బావగారికి చూపించలేదా?"

చెల్లెలు సొరుగులోంచి అట్ట నలిగిన నోటుబుక్కు తీసి ఒక పేజీ తెరిచింది. పేజీ మధ్యలో పసుపు చీటీ. 'తరవాత చూద్దాం' అని ప్రొఫెసరు దస్తూరీ, కింద సంతకం, నాలుగు నెలల కిందటి తేదీ.

"తీసెయ్యకపోయావా?"

"అంటించినవాళ్ళే తీయాలి కదక్కా," అంది చెల్లెలు. ఈసారి నవ్వింది గాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంకొకటి కూడా ఉంది, నాకే అర్థం కాలేదు. మందు వేసిన కణాలకి రెండోసారి ఎక్స్‌రే ఇచ్చాను. తోకలు పొడుగ్గా వచ్చాయి, అంటే కొత్తగా తెగింది. కాని కొత్తచోట చుక్కలు రాలేదు. మర్నాటికీ తోకలు తగ్గలేదు. ఎందుకో తెలీదు. అది తెలిస్తే గట్టిగా నిలబడేదాన్ని. నువ్వు పెట్టమంటే పెట్టేస్తానక్కా సంతకం. నాకు ఓపిక అయిపోయింది."

ఇల్లాలు క్యారియరు మూత తీసింది. "ముందు తిను."

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో కూర్చుని ఆవిడ రెండు వైపులా ఆలోచించింది. పెట్టమంటే ఇల్లు చల్లగా ఉంటుంది, ఆయన డైరెక్టరవుతారు, చెల్లెలు డాక్టరవుతుంది. ఆ తరవాత ఆ పిల్ల జీవితాంతం ఏ గాజుపలక చూసినా తన కళ్ళని తను నమ్మదు. బస్సు రెండు స్టాపులు దాటిపోయాక గాని దిగాలని గుర్తు రాలేదు.

ఆదివారం పొద్దున్న పది గంటలకి స్నానాలగదిలోంచి కెవ్వుమని కేక వినిపించింది. ప్రొఫెసరు తువ్వాలు చుట్టుకుని, కుడిచేతి చూపుడువేలు నోట్లో పెట్టుకుని బయటికొచ్చారు. గీజరు స్విచ్చు దగ్గర నిప్పురవ్వలు వస్తున్నాయని గురువారమే అత్తగారు చెప్పారు. ఇల్లాలు ఎలక్ట్రీషియన్‌కి ఫోను చేస్తే సోమవారం వస్తానన్నాడు. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దని ఆవిడ ఇంటిల్లిపాదికీ చెప్పింది. పోస్టరు కొలతలు చూసుకుంటున్న ప్రొఫెసరు తల కూడా ఊపారు.

అదృష్టం బాగుండి వేలు కాస్త కమిలిందంతే. మందు రాసి గుడ్డ చుట్టారు. అత్తగారు కట్టు రెండుసార్లు తడిమి చూశారు, ఆ వెంటనే తిట్టడం మొదలుపెట్టారు. తిట్లు భోజనాల బల్ల దాకా సాగాయి.

"చెప్పానా లేదా? గురువారం నుంచీ చెబుతున్నానా లేదా?"

"చెప్పావమ్మా, కాని చీటీ లేదు," అన్నారు ప్రొఫెసరు, ఎడమచేత్తో చెంచా పట్టుకుని. "లోపలికెళ్ళి చూశాను. స్విచ్చు మీద చీటీ లేదు. లేదు కనక బాగుందనుకున్నాను. ఇంట్లో ఇంత ముఖ్యమైనదానికి చీటీ ఎందుకు పెట్టలేదని నేనడుగుతున్నాను."

ఇల్లాలు ఆయన కంచంలో కూర వడ్డించింది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"సరే. ఆ సంతకం సంగతి ఏం చేశావు? మాట్లాడావా?"

బల్లకి అటువైపు చెల్లెలు ముద్ద కలుపుతూ ఆగిపోయింది.

"మాట్లాడాను," అంది ఇల్లాలు.

"ఏమని?"

"నిన్న ఏమీ అనలేదు. ఇప్పుడు మీ అందరి ముందూ చెబుతున్నాను." చెల్లెలి వైపు తిరిగింది. "సంతకం పెట్టొద్దే."

బల్లకి పైన ఫ్యాను కీచుమనకుండా తిరుగుతోంది. దానిమీద 'కీచుమంటోంది' అని కొత్త చీటీ ఊగుతోంది. పాతది పోయిన తరవాత సాక్ష్యం కోసం మళ్ళీ రాసి అంటించింది అది.

"నీకు తెలిసే మాట్లాడుతున్నావా?" అన్నారు ప్రొఫెసరు. గొంతులో కోపంకన్నా ఆశ్చర్యమే ఎక్కువ. "రేపు కమిటీ!"

ఇల్లాలు లేచి వంటింటి సొరుగు లాగి, ఒక అట్టముక్క తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది. పసుపు చీటీల పుస్తకానికి చివర మిగిలే అట్ట అది. దానిమీద ఒక్క చీటీ కూడా లేదు.

"స్విచ్చు మీద చీటీ ఎందుకు లేదని అడిగారుగా. ఇందుకు. బుధవారంతో అయిపోయాయి. ఇంట్లో ఉన్న చీటీలన్నీ బాగుపడినవాటి మీద ఉన్నాయి. కుళాయి మీద ఉంది, ఫ్యాను మీద ఉంది, కిటికీ మీద ఉంది. తీసి ఉంటే వాటినే మళ్ళీ అంటించుకునేవాళ్ళం. కొత్తగా చెడినదానికి అంటించడానికి ఒక్కటీ మిగల్లేదు."

చెల్లెలు కుర్చీ వెనక్కి తోసేసి లేచింది. "అక్కా! అదే!"

"ఏది?" అన్నారు అత్తగారు. "కూర్చుని తినవే పిల్లా."

"రెండోసారి ఎక్స్‌రే! కొత్త చుక్కలు రాకపోవడానికి కారణం అదే బావగారూ... సార్... కణంలో ఆ గుర్తులకి వాడే సరుకు కొంతే ఉంటుంది. పాతవి తీస్తేనే కొత్తవాటికి దొరుకుతుంది. మందు వేసినవాటిలో సరుకంతా అతుకు పడినచోటే ఇరుక్కుపోయింది. అందుకే రెండోసారి తెగినచోటికి ఎవరూ రాలేదు. తోకలు అలాగే ఉండిపోయాయి!"

ప్రొఫెసరు కమిలిన వేలు వైపు చూసుకున్నారు. అట్టముక్క వైపు చూశారు. ఆయన కళ్ళలోకి పెళ్ళైన కొత్తలో పాలు పొంగించిన చూపు వచ్చింది. ఇల్లాలు ఆ చూపుని చూసి చాలా ఏళ్ళైంది.

"అంటే మనం కాపాడుతున్నామనుకున్న దారాన్ని..." అని ఆగారు. "రెండో ఎక్స్‌రే చేశావా నువ్వు? ఎప్పుడు? నాకెందుకు చెప్పలేదు?"

చెల్లెలు గదిలోకి పరిగెత్తి, నిన్న ల్యాబు నుంచి తెచ్చుకున్న నోటుబుక్కు తెచ్చింది. పేజీ తెరిచి, చీటీ ఆయన వైపు ఉండేలా బల్లమీద పెట్టింది. తను మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆయన తన దస్తూరీ తనే చదువుకున్నారు. తేదీ చదివారు. సంతకం కూడా చదివారు, వేరేవాళ్ళదేమోనన్న ఆశతో కాబోలు.

"తియ్యరా," అన్నారు అత్తగారు. "నీదేగా."

కుడిచేతికి కట్టు, ఎడమచేతికి అలవాటు లేదు. మూడుసార్లు గోరుతో గీకితే గాని మూల లేవలేదు. నాలుగు నెలలు పేజీకి అతుక్కున్న చీటీ చిన్న చప్పుడు చేస్తూ ఊడి వచ్చింది. కింద రెండు వరసల అంకెలు, రెండు వరసల తోకలు. ప్రొఫెసరు అన్నం సంగతి మరిచిపోయి పది నిమిషాలు చదివారు. మధ్యలో రెండు ప్రశ్నలు వేశారు. చెల్లెలు రెండింటికీ జవాబు చెప్పింది. ఆ తరవాత ఆయన పోస్టరు ఉన్న వైపు చూసి పెద్దగా నిట్టూర్చారు. తలుపంత పోస్టరు, తలుపంత నిట్టూర్పు.

"నాకు మొదటినుంచీ ఒక అనుమానం ఉంది," అని మొదలుపెట్టారు. "తీసే ఎంజైములకి తగిన గౌరవం దక్కడం లేదని..."

"ఒరేయ్," అన్నారు అత్తగారు.

ప్రొఫెసరు ఆగారు. తీసిన చీటీ వేలికి అతుక్కుని ఉంది, విదిలిస్తే పోలేదు. దాన్ని కంచం అంచుకి అంటించి, మీటింగులో మాట్లాడేటప్పుడు కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నారు.

"సరే, వినండి. రేపు కమిటీకి పేపరు ఇవ్వను. ఏం చూపిస్తానో, అసలు ఏమన్నా చూపిస్తానో లేదో రాత్రికి ఆలోచించుకుంటాను. పేపరు తోకలతో కలిపి మళ్ళీ రాస్తాం. మొదట అనుకున్నది తప్పని దాంట్లోనే రాస్తాం." ఒక్క క్షణం ఆగారు. అన్నింటికన్నా అదే కష్టమైనట్టుంది. "మొదటి పేరు నీది. ఆ తరవాత నాది. థీసిస్ మీద సంతకం దీనికీ దానికీ ముడిపెట్టకుండా పెడతాను."

చెల్లెలు అక్క వైపు చూసింది. అక్క కూరగిన్నె ముందుకి జరిపింది.

"ఇంకొకటి," అన్నారు ప్రొఫెసరు. "ఈ ఇంట్లో ఇవాళ్టినుంచి ఎవరు అంటించినా, పని అయ్యాక చీటీ ఎవరైనా తీయొచ్చు."

"ఇవాళ్టినుంచేనా, సోమవారం తరవాతా?" అన్నారు అత్తగారు. ఆ మాట అంటూనే లేచి, ఎంగిలి చెయ్యి వంటింటి కుళాయి కిందే కడుక్కున్నారు.